సియాచిన్‌లో నలభై ఏళ్ళుగా పెడుతున్న ప్రాణాలూ డబ్బూ గిట్టుబాటేనా? ఫౌజులో చేసినవాళ్ళు చెప్పండి

గిద్దలూరు_పంతులమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఏ పార్టీనీ పొగడడానికో తిట్టడానికో ఇది రాయడం లేదు. మా ఇంట్లో పదిహేనేళ్ళుగా ఎవరూ పైకి అనని ప్రశ్న ఒకటి ఉంది. మా అబ్బాయి వల్ల ఇప్పుడు అడగక తప్పడం లేదు.

వాడికి పద్దెనిమిది నిండాయి. ఇంటర్ అయిపోయింది. అగ్నివీర్‌కి వెళ్తానంటున్నాడు. నాలుగున్నరకే లేచి హైస్కూలు గ్రౌండుకి పోతాడు. పూర్తి మార్కులు రావాలంటే 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలట, ప్రస్తుతానికి ఐదూ నలభై దగ్గర ఆగాడు. వచ్చాక చెమటతోనే వసారాలో కూలబడి చెంబెడు నీళ్ళు తాగుతాడు. వాడి ఎదురుగా మంచం మీద మా తమ్ముడు కూర్చుని ఉంటాడు, కాళ్ళకు సాక్సులతో.

మే నెలలో కూడా తమ్ముడు సాక్సులు విప్పడు. మా వైపు ఎండలు తెలిసినవాళ్ళకు ఆ మాట ఏమిటో అర్థమవుతుంది. వాడు 2001లో మద్రాస్ రెజిమెంటులో చేరాడు, వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. 2008 చలికాలంలో వాళ్ళ యూనిట్ లడఖ్ పైన ఉండే సియాచిన్ హిమనదం ఎక్కింది. దిగేటప్పటికి ఎడమ కాలికి మూడు వేళ్ళు లేవు, కుడి బొటనవేలు సగమే ఉంది. ఎలా జరిగిందో వాడు చెప్పలేదు. లీవులో వచ్చిన వాడి స్నేహితుడు చెప్పాడు. బూటు లోపల సాక్సు తడిసిందట, మార్చుకునే వీల్లేక ఆరేడు గంటలు అలాగే ఉండిపోయాడట. అంతే. ఎవరూ కాల్చలేదు, బాంబు పడలేదు. ఒక తడిసిన సాక్సు.

ఆ తర్వాత ఇంకో యుద్ధం. వేళ్ళు పోయింది డ్యూటీ వల్లేనని ఒప్పుకోవడానికి ఒక ఆఫీసు నాలుగేళ్ళు తీసుకుంది. ఒకసారైతే రక్తప్రసరణ లోపం ముందునుంచే ఉండి ఉండవచ్చని రాసి పంపారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను. వాడు ఏమీ అనలేదు, మడిచి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాడు.

అసలు విషయానికి వస్తాను. మా నాన్న మిర్చి వేసేవాడు. కాయ గుంటూరు యార్డులో అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చిన రాత్రి లాంతరు దగ్గర ఒక చారల పుస్తకం తీసేవాడు. విత్తనం ఇంత, మందులు ఇంత, కూలీలు ఇంత, లారీ బాడుగ ఇంత, వచ్చింది ఇంత. మిగిలిన ఏడూ రాసేవాడు, మునిగిన ఏడూ రాసేవాడు. లెక్క రాసినంత మాత్రాన ఆయన పొలాన్ని అవమానించినట్టు మేమెవరం అనుకోలేదు. మరుసటి ఏడు మిర్చే వేయాలా, కంది వేయాలా అన్నది ఆ పుస్తకం చూసే తేల్చేవాడు.

సియాచిన్‌కి అలాంటి పుస్తకం ఎవరైనా తీస్తున్నారా? 1984 ఏప్రిల్‌లో మనవాళ్ళు ఎక్కారు. నలభై ఏళ్ళు దాటింది. ఇన్ని ప్రాణాలు, ఇన్ని వేళ్ళు, ఇంత డబ్బు పెట్టి మనం పట్టుకుని ఉన్నది ఏమిటి, అది లేకపోతే ఏం పోతుంది అని అడిగితే చాలామంది నా వైపు అదోలా చూస్తున్నారు. నా తమ్ముడి కాళ్ళు చూశాక కూడా నాకు అడిగే హక్కు లేదా?

ఇంకో మాట. తమ్ముడికి పదిహేనేళ్ళ సర్వీసు ఉంది కాబట్టి నెలనెలా పెన్షన్ వస్తుంది. మా వాడికి నాలుగేళ్ళు, తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళకు పదకొండు లక్షల డెబ్బై వేలు చేతిలో పెట్టి పంపుతారు. చనిపోతే 48 లక్షల ఇన్సూరెన్స్. వాడు ఈ అంకెలు నోటికి చెప్తాడు. వింటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అక్కడ ఉండి వచ్చినవాళ్ళు నిజం చెప్పండి.


సిక్కోలు_నర్సింగ్:

పంతులమ్మ గారికి నమస్తే. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైర్ అయ్యాను. టెక్కలి దగ్గర మా ఊరు. సియాచిన్‌లో రెండుసార్లు ఉన్నాను, రెండోసారి పై పోస్టుల్లో. మీకు అడిగే హక్కు ఉంది. లేదన్నవాళ్ళు ఒక్క రాత్రి అక్కడ పడుకుని వచ్చి అనమనండి.

నేను చూసింది ఒకటి చెప్తాను. అంత ఎత్తులో కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సాయంత్రం బాగానే ఉంటాడు, పేకాట ఆడతాడు. రాత్రి దగ్గు మొదలవుతుంది. తర్వాత కఫంలో గులాబీ రంగు నురగ. దానికి మందు ఒకటే, కిందికి దించడం. దించాలంటే హెలికాప్టర్ రావాలి, హెలికాప్టర్ రావాలంటే మబ్బు విడవాలి. అంతవరకు మా దగ్గర ఒక సంచి ఉండేది. మనిషి పట్టేంత పొడవు, జిప్పు ఉంటుంది. లోపల పడుకోబెట్టి కాలి పంపుతో గాలి కొడితే, లోపలి మనిషికి కొన్ని వేల అడుగులు దిగినట్టు ఉంటుంది. కానీ పంపు ఆపకూడదు. ఆపితే లోపల గాలి పాడవుతుంది.

ఆ రాత్రి నలుగురం వంతులు వేసుకున్నాం. అక్కడ బూటు లేసు కట్టుకుంటేనే ఆయాసం వస్తుంది. పదిహేను నిమిషాలు పంపు తొక్కితే కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోవడం, ఇంకొకడు ఎక్కడం. సంచికి చిన్న కిటికీ ఉంటుంది. టార్చి వేసి చూస్తే లోపలి కుర్రాడు మా వైపే చూస్తున్నాడు. మాట వినపడదు. బొటనవేలు పైకెత్తి చూపించేవాడు. మూడు గంటలప్పుడు ఎత్తడం మానేశాడు. మేం తొక్కుతూనే ఉన్నాం. తొమ్మిదింటికి మబ్బు విడిచింది, చీతా హెలికాప్టర్ వచ్చింది. అతను బతికాడు. రెండు వారాల తర్వాత పక్క పోస్టులో ఇంకొకతనికి అదే వచ్చింది. అప్పుడు మబ్బు విడవలేదు.

మీరు పుస్తకం అన్నారు కదా, ప్రభుత్వం పార్లమెంటులో ఒక లెక్క చెప్పింది. 1984 నుంచి 2015 డిసెంబరు దాకా 869 మంది. ఆఫీసర్లు 33, జేసీఓలు (ఆఫీసర్లకూ జవాన్లకూ మధ్య ర్యాంకు వాళ్ళు) 54, జవాన్లు 782. అది చెప్పిన రెండు నెలలకే, 2016 ఫిబ్రవరి 3న, సుమారు 19,600 అడుగుల దగ్గర పోస్టు మీద మంచు విరిగిపడి పది మంది పోయారు. దాదాపు అందరూ మద్రాస్ రెజిమెంటు వాళ్ళే, మన కర్నూలు జిల్లా కుర్రాడు కూడా ఉన్నాడు. లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఆరు రోజులు మంచు కింద ప్రాణంతో ఉండి, బయటికి తీశాక ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. అవతలి పాకిస్తాన్ వాళ్ళదీ అదే గతి. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర మంచు జారి 140 మంది ఒకేసారి కూరుకుపోయారు. 2003 నవంబరు నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉంది. తుపాకి పేలకుండానే ఇవన్నీ జరిగాయి.

ఇక గిట్టుబాటు సంగతి. నా లెక్క ఇది, తప్పైతే ఎవరైనా దిద్దండి. 1949 కరాచీ ఒప్పందంలో మనకూ పాకిస్తాన్‌కూ మధ్య కాల్పుల విరమణ గీతను ఎన్‌జే 9842 అనే బిందువు వరకు గీసి, అక్కణ్ణుంచి ఉత్తరంగా హిమనదాల వైపు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అక్కడికి మనిషి పోడు కదా అనుకున్నారు. ఆ ఒక్క ముక్కకే ఇదంతా. 1984లో వాళ్ళు కూడా ఎక్కడానికి సిద్ధమవుతున్నారని తెలిసి మనం ముందు ఎక్కాం. ఏప్రిల్ 13న బిలాఫోండ్ లా కనుమ. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కానీ 1989లో ఇద్దరూ కూర్చుని, బలగాలను వెనక్కి జరుపుకుందామన్నంత దగ్గరికి వచ్చారు. సంతకం దాకా పోలేదు. ఎవరు ఎక్కడ ఉన్నారో మ్యాపు మీద గుర్తు పెట్టాలని మనం, పెట్టమని వాళ్ళు. 1984 నాటి ఖర్చు దేశ రక్షణకి పోయిందంటే ఒప్పుకుంటాను. 1989 తర్వాత నేను మోసిన స్ట్రెచర్లు ఆ కుదరని సంతకం ఖాతాలోవి. ముప్ఫై ఏళ్ళుగా నా మనసులో ఉన్న మాట ఇది.


గన్నర్_కార్గిల్99:

పంతులమ్మ అక్కకు దండాలు. మాది నిజామాబాద్ దిక్కు. హైదరాబాద్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయింది. 1999లో ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్ మీద ఉన్నాను. సిక్కోలు అన్న చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా కాదనను, కానీ ఆయన తేల్చిన మాటతో నాకు పేచీ ఉంది.

కార్గిల్ ఎందుకు వచ్చింది? అప్పట్లో అక్కడ చలికాలం పోస్టులు ఖాళీ చేసి దిగడం ఆనవాయితీ. వాళ్ళూ దిగుతారు, మనమూ దిగుతాం, మంచు కరిగాక ఎక్కుతాం. ఫిబ్రవరిలో లాహోర్‌లో ప్రధానులు చేతులు కలిపారు. మే నెలలో చూస్తే మన పోస్టుల్లో వాళ్ళున్నారు. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు వాళ్ళ కళ్ళ కిందే. ట్రక్కు లైట్లు ఆర్పుకుని పోయేది.

ఖాళీగా వదిలిన కొండలను తిరిగి తెచ్చుకోవడానికి ఏమైందో నేను చూశాను. కిందినుంచి పైకి ఎక్కాలి, పైన వాడు రాళ్ళ చాటున కూర్చుని ఉంటాడు. పిల్లలు ఎక్కుతున్నారు, వాళ్ళ తలల మీదుగా మేం గుండ్లు వేస్తున్నాం. టైగర్ హిల్ తీసుకున్న రోజు మొత్తం తొమ్మిది వేల గుండ్లు పడ్డాయి. గన్ బారెల్ మీద తడిగుడ్డ వేస్తే చుయ్‌మని పొగ లేచేది. ఆ రాత్రి తర్వాత నా కుడి చెవి పోయింది. మా మనవరాలికి తెలుసు, ఎప్పుడూ ఎడమ దిక్కే వచ్చి కూర్చుని ముచ్చట చెప్తది.

527 మంది, అక్కా. గాయపడ్డది 1363. రెండున్నర నెలల్లో. సియాచిన్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా 869 అని అన్న చెప్పిండు. ఇప్పుడు మీ నాన్న పుస్తకం తీసి చూడండి. కొండ మీద ఉండడం ఖరీదా, దిగి మళ్ళీ ఎక్కడం ఖరీదా? మ్యాపు మీద గుర్తు పెట్టకుండా దిగుదామంటే నేను ఎట్ల ఒప్పుకుంటాను? రేపు వాళ్ళు ఎక్కితే ఈ కాగితంలో మీరున్నట్టు ఎక్కడుంది అంటారు.

ఇంకో సంగతి కూడా రాయాలి. కార్గిల్‌కు ముందు లడాయిలో పోయినవాళ్ళను చాలావరకు అక్కడే దహనం చేసేది, ఇంటికి సామాన్లు పోయేవి. కార్గిల్ నుంచి శరీరాన్ని పెట్టెలో పెట్టి ఊరికి పంపడం మొదలైంది. హైదరాబాద్‌కు మేజర్ పద్మపాణి ఆచార్య వచ్చిండు. జూన్ 28న లోన్ హిల్ మీద పోయిండు, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన బిడ్డ ఆయన పోయినంక పుట్టింది. లడాయి ఖర్చు ఎంతో ఊర్లకు అప్పుడు కండ్లతో కనపడింది. అందుకే ఇయ్యాల మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారు, అది మంచిదే.


లెక్కల_మనిషి_కూకట్‌పల్లి:

నేను ఫౌజు మనిషిని కాను, ఆడిటింగ్ నా పని. రెండు విషయాలు చెప్తాను.

డబ్బు గురించి. సియాచిన్‌కి రోజుకు ఐదు నుంచి ఏడు కోట్లు అని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. ఐదే అనుకున్నా ఏడాదికి 1,825 కోట్లు. మనలాంటి వాళ్ళకు గుండె ఆగే అంకె. కానీ 2024-25 రక్షణ బడ్జెట్ 6 లక్షల 21 వేల కోట్లు పైన. అందులో ఇది రూపాయికి పైసా కూడా కాదు. అంత పెద్ద బడ్జెట్‌లో ఇది కనపడదు కాబట్టే డబ్బు కోసమని ఎవరూ దీన్ని ఆపరు. అదే బడ్జెట్‌లో పెన్షన్లకే లక్షా 41 వేల కోట్లు. యుద్ధం ఖర్చు యుద్ధంతో అయిపోదు, మీ తమ్ముడి నెల పెన్షన్ లాగా ముప్ఫై నలభై ఏళ్ళు సాగుతుంది. అగ్నివీర్ లాంటివి అక్కడినుంచే పుట్టాయని చాలామంది అంటారు, నేనూ అదే అనుకుంటున్నాను.

పంతులమ్మ గారి పోస్టులో తడిసిన సాక్సు చదివాక నాకు కాగ్ (ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టు గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. ఎత్తైన మంచు ప్రాంతాల్లో ఉన్న జవాన్లకు 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు అందక, ఉన్నవాటినే బాగుచేసుకుని వాడుకున్నారని అందులో ఉంది. మంచు కళ్ళజోళ్ళ కొరత, తిండిలో కెలోరీలు తగ్గడం కూడా రాశారు. కోట్లు ఖర్చవుతూనే ఉంటాయి, బూటు మాత్రం అందదు. నా ఉద్యోగంలో ఇలాంటి లెక్కలు చాలా చూశాను కానీ వాటిలో మనిషి వేళ్ళు ఉండవు. ఆ రిపోర్టు చదివిన రోజు అన్నం సహించలేదు.

గన్నర్ గారికి ఒక మాట. మీ పోలిక బలమైనదే, నేను కొట్టిపారేయను. కానీ 527నీ 869నీ రెండు వేరు వేరు పేజీల్లో రాశారు మీరు. కార్గిల్‌లో వాళ్ళ ఉద్దేశాల్లో ఒకటి లేహ్ రోడ్డు తెంచి సియాచిన్‌లో మనవాళ్ళకు సరఫరా ఆపడం, అలా మనల్ని కిందికి దింపడం. అది నిజమైతే ఆ 527లో కొంత భాగం సియాచిన్ ఖాతాలోకే వస్తుంది కదా. ఉంచుకున్నందుకూ ఖర్చే, ఉంచుకున్నదాని మీద కన్నేసినవాడితో కొట్లాటా ఖర్చే.


గన్నర్_కార్గిల్99:

సార్, ఆ మాట నన్ను కొద్దిసేపు ఆపింది. నిజమే, ఆ కోణం మా యూనిట్‌లో కూడా అనుకునేవాళ్ళం. జవాబు వెంటనే తోచలేదు, రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఒప్పుకుంటాను, రెండూ ఒకే పేజీ. అయినా దిగమని నేను అనలేను. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా వాళ్ళతో కొట్లాటలో 20 మంది పోయారు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు శవయాత్రలో నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. సియాచిన్ ఒక దిక్కు పాకిస్తాన్‌కు, ఇంకో దిక్కు చైనా చేతిలో ఉన్న షక్స్‌గామ్ లోయకు మధ్యల ఉంది. గల్వాన్ తర్వాత అక్కణ్ణుంచి దిగుదామనే మాట ఏ సర్కారూ ఎత్తదు. ఇది గిట్టుబాటు అని చెప్పడం లేదు. దిగే దారి మూసుకుపోయిందని చెప్తున్నాను. 1989లో తెరిచి ఉండె, సిక్కోలు అన్న చెప్పింది అంతవరకు కరెక్టే.


పార్వతీపురం_అమ్మ:

నేను ఎప్పుడూ చదవడమే, రాయను. నాలుగు రోజుల నుంచి ఇది చదువుతున్నాను. టైపు చేసింది మా అమ్మాయి.

మా ఆయన 1996లో పోయారు. సియాచిన్‌లో ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు తాడు కట్టుకుని నడుస్తుంటే మంచు కింద పగులు ఉందట, పైన మంచు కప్పి కనపడలేదట. తాడుతోనే వేలాడారట. పైకి తీసేటప్పటికి లేరు. గన్నర్ బాబు చెప్పినట్టే, అప్పుడు మనిషిని ఇంటికి తేలేదు. అస్థికలు వచ్చాయి, ఒక నల్ల ట్రంకు పెట్టె వచ్చింది. పెట్టెతోపాటు కాగితం ఒకటి. లోపల ఏమేం ఉన్నాయో వరసగా రాసి, చూసుకుని సంతకం పెట్టమన్నారు. నాకు ఇంగ్లీషు రాదు, వచ్చిన హవల్దారు తెలుగులో చదివారు. సాక్సులు నాలుగు జతలు. షేవింగ్ బ్రష్ ఒకటి. ఉత్తరాలు ఇరవై మూడు. చేతి గడియారం ఒకటి, పనిచేయడం లేదు. గాజు సీసా ఒకటి, ఖాళీ. ఆ సీసా నేను ఆవకాయ పెట్టి ఇచ్చిందే. కడిగి మూత పెట్టి ఉంచారు. అంత చలిలో నీళ్ళు ఎక్కడ దొరికాయో, ఎందుకు కడిగారో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి తెచ్చి ఇద్దామనుకున్నారేమో.

పంతులమ్మా, నీ ప్రశ్నలో గిట్టుబాటు అన్న మాట చూసి మొదట నాకు కోపం వచ్చింది. మనిషిని మిర్చితో పోలుస్తావా అనుకున్నాను. మళ్ళీ చదివాక నువ్వు పోల్చింది మనిషిని కాదని తెలిసింది. డబ్బు వచ్చింది, కాదనను. పెన్షన్‌తోనే ఇద్దరు పిల్లలను చదివించాను. కానీ ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ ఆయన గొప్పగా పోయాడని చెప్పారే గానీ, ఆయన ఎందుకు అక్కడ ఉండాల్సి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. ఆ గీత సంగతి, ఒక ముక్క రాసి వదిలేశారన్న సంగతి, సిక్కోలు బాబు రాసింది చదివే నాకు ఇప్పుడు తెలిసింది. ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. మా అమ్మాయి మ్యాపు తీసి చూపించింది. చాలాసేపు చూశాం.


సిక్కోలు_నర్సింగ్:

అమ్మా, పాదాభివందనం. అక్కడ నీళ్ళంటే మంచును స్టవ్ మీద కరిగించడమే. హెలికాప్టర్ ఒక్కో ట్రిప్పులో రెండు మూడు జెరీకాన్ల కిరోసిన్ వేసి పోయేది, అది కొలుచుకుని వాడేవాళ్ళం. సీసా కడగడానికి నీళ్ళు చేశారంటే ఆయన తన తాగే నీళ్ళలోంచి తీసి ఉంటారు.


గిద్దలూరు_పంతులమ్మ:

అమ్మగారూ, ఆ మాట మిమ్మల్ని బాధపెట్టినందుకు క్షమించండి. మీరు రాసింది చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. మిగతా అందరికీ కూడా ఆలస్యంగా జవాబిస్తున్నాను.

ఆదివారం సాయంత్రం ఇవన్నీ మా తమ్ముడికి చదివి వినిపించాను. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు, నిద్రపోయాడేమో అనుకున్నాను. గాలి కొట్టే సంచి దగ్గరికి రాగానే కళ్ళు తెరిచాడు. మా పోస్టులోనూ వేశాం అన్నాడు. పదిహేనేళ్ళలో వాడు సియాచిన్ గురించి నా ముందు మాట్లాడిన మొదటి మాట అది.

తర్వాత ఆపకుండా చెప్పాడు. స్టవ్ మసి వల్ల ఉమ్మితే నల్లగా పడేదట, కిందికి దిగిన నెల తర్వాత కూడా. నారింజపండు రాయిలా గట్టిపడేదట. ఎక్కే ముందు బేస్ క్యాంపులో, తమను కాపాడతాడని జవాన్లు నమ్మే ఓపీ బాబా గుడి దగ్గర రిపోర్టు ఇచ్చి పోయేవాళ్ళట, దిగాక మళ్ళీ వచ్చి చెప్పుకోవాలట. వాడి సాక్సు తడిసిన రాత్రి కూడా ఆ సంచి రాత్రేనట. తమిళ కుర్రాడొకడు లోపల ఉన్నాడు. పంపు తొక్కుతూ వీడికి బూటు లోపల చెమట పట్టింది. వంతు అయిపోయాక సాక్సు మార్చుకోవాలి, అది నేర్పిస్తారు. కానీ ఆ రాత్రి మిగిలింది ముగ్గురే, అందులో ఒకడికి తల తిరుగుతోంది. వీడు మళ్ళీ ఎక్కాడు. చెమట గడ్డకట్టింది.

ఆ అబ్బాయి బతికాడా అని అడిగాను. బతికాడక్కా, రాజపాళయంలో టీ కొట్టు పెట్టుకున్నాడు, పొంగల్‌కి ఫోన్ చేస్తాడు అన్నాడు. ప్రతి సంక్రాంతికీ అరవంలో మాట్లాడుతూ పెరట్లోకి పోతాడే, ఆ ఫోన్ ఎవరిదని మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

మా వాడు అడిగాడు, మామా, మళ్ళీ పొమ్మంటే పోతావా అని. తమ్ముడు చాలాసేపు ఊరుకున్నాడు. ఆ సంచిలో వాడుంటే పోతాను అన్నాడు. ఆ కొండ కోసమైతే నాకు తెలియదురా, మాకెవరూ చెప్పలేదు అన్నాడు. తర్వాత సాక్సులు విప్పి కాళ్ళు ముందుకు చాపాడు. మా వాడు దగ్గరికి జరిగి చూశాడు. ముట్టుకోవచ్చా అని అడిగి ముట్టుకున్నాడు.

మా వాడు మానుకోలేదు, మరునాడు పొద్దున్నే మళ్ళీ గ్రౌండుకి పోయాడు. నేను వద్దనలేదు. గన్నర్ తమ్ముడు చెప్పిన దిగి ఎక్కే లెక్క నాకు అర్థమైంది, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ దారి మూసుకుపోయిందన్న మాటతో నేను ఆగలేను. మూసుకుపోయిన దారిలో నా కొడుకు నిలబడబోతున్నాడు.

ఒక సాయం కావాలి. 2015 డిసెంబరు దాకా 869 అని పార్లమెంటులో చెప్పారు. ఆ తర్వాత ఏ ఏడు ఎంతమంది, ఎంతమందికి కాళ్ళూ చేతులూ పోయాయి, వాళ్ళలో ఎందరికి పెన్షన్ తేలింది, బూట్ల కొరత తీరిందా అని సభలో అడగమని మా ఎంపీ గారికి ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు కూడా సంతకం పెడతానన్నాడు. లెక్కల మనిషి గారూ, ఇలాంటి ప్రశ్న ఎలా రాస్తే పక్కన పడేయకుండా తీసుకుంటారో మీకు తెలిసి ఉంటుంది. ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను, దిద్దిపెట్టండి. అమ్మగారూ, మీ అమ్మాయి ఒప్పుకుంటే మీ సంతకం కూడా.